ఇటుకల పండగకి గెడ్డలో ఎన్ని నీళ్ళు? 34 ఇళ్ళ కొండ ఊరికి 3 కిలోవాట్ల కరెంటు: ఒక కేస్ స్టడీ

మొదటి రోజు ఆ ఊరివాళ్ళకి నేను చెప్పిన లెక్క తప్పు. అక్కడి నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే తర్వాత ఐదేళ్ళు మేం చేసిన పనిలో సగం ఆ తప్పును దిద్దుకోవడమే.

ఊరు తూర్పు కనుమల్లో ఉంది. అప్పటికి విశాఖ జిల్లా ఏజెన్సీ, 2022 ఏప్రిల్ నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా. 34 ఇళ్ళు, ఒక అంగన్‌వాడీ, ఊరి పక్కనే ఏడాది పొడుగునా పారే గెడ్డ, అంటే కొండ వాగు. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు. చిన్న జల విద్యుత్ పనులు చేసేవాళ్ళకీ, తమ ఊరి వాగు మీద ఏదైనా చేయొచ్చా అని ఆలోచించేవాళ్ళకీ పనికొచ్చేవి కొలతలు. అవి ఉన్నవి ఉన్నట్టు ఇస్తున్నాను.

మొదటి లెక్క

2015 సెప్టెంబర్‌లో ఇద్దరం వెళ్ళాం. బస్సు దిగాక రెండు గంటల నడక. దారిలో ఒకచోట హైటెన్షన్ టవర్ల కింద నుంచి వెళ్ళాలి. ఆ కొండల్లో ఇది మామూలు దృశ్యమే. మాచ్‌ఖండ్‌లో 1955 నుంచి కరెంటు తీస్తున్నారు. అక్కడ టర్బైన్లు తిప్పిన నీళ్ళే బలిమెల జలాశయం మీదుగా కిందికి వచ్చి, ఎగువ సీలేరులో 240 మెగావాట్లు, డొంకరాయిలో 25, పొల్లూరు దగ్గర దిగువ సీలేరులో 460 మెగావాట్ల యంత్రాలను తిప్పుతాయి. ఒకే నీటితో మెట్టు మెట్టుకీ కరెంటు. ఆ తీగల కిందే నడిచి వెళ్తే వచ్చే ఊళ్ళో కిరోసిన్ బుడ్లు. చూడ్డానికి చాలా బాధగా ఉంటుంది. దానికి సాంకేతిక కారణం ఉంది: లక్షల వోల్టుల లైను నుంచి 34 ఇళ్ళకి తీగ లాగలేం. మధ్యలో సబ్‌స్టేషన్లు కావాలి, అక్కడి నుంచి కొండెక్కి 11 కేవీ లైను రావాలి, ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ఆ లైను ఆ ఊరికి అప్పటికి ఇంకా రాలేదు.

గెడ్డ దగ్గరికి వెళ్ళేసరికి చీకటి పడుతోంది. చప్పుడు దూరం నుంచే వినిపించింది. 11 మీటర్ల ఎత్తు నుంచి నీళ్ళు తెల్లగా పడుతున్నాయి. మర్నాడు పొద్దున్నే ఎండు కొమ్మ వేసి వేగం కొలిచాం. 10 మీటర్లు పోవడానికి 20 సెకన్లు పట్టింది. గెడ్డ వెడల్పు 1.6 మీటర్లు, సగటు లోతు 22 సెంటీమీటర్లు. పైన పారే నీటికంటే అడుగున నీళ్ళు నెమ్మదిగా పోతాయి కాబట్టి 0.8తో గుణించాం. సెకనుకు 140 లీటర్లు వచ్చింది.

మా పనిలో నోటి లెక్క ఒకటుంది. సెకనుకు ఎన్ని లీటర్లో, ఎన్ని మీటర్ల ఎత్తో గుణించి, దాన్ని 5తో గుణిస్తే వాట్లు వస్తాయి. అసలు 9.81తో గుణించాలి. కానీ పైపులో, టర్బైన్లో, బెల్టులో, జనరేటర్లో పోయేదంతా పోతే చిన్న యంత్రాలకి మిగిలేది సగమే. అంచెలంచెలుగా దూకే గెడ్డ కాబట్టి 32 మీటర్ల ఎత్తు దొరుకుతుందని కంటితోనే అంచనా వేశాం. 140 లీటర్లు, 32 మీటర్లు: 22 కిలోవాట్లు. కొంచెం తగ్గించి, "15 కిలోవాట్ల దాకా రావచ్చు" అని ఊరివాళ్ళతో అన్నాను. వాళ్ళకి కిలోవాట్లతో పనేముంది? "అంటే ఏమేం నడుస్తాయి?" అని అడిగారు. లైట్లు, టీవీలు, పిండి మర, బియ్యం మిల్లు అని చెప్పాను. అనకుండా ఉండాల్సింది.

తిరుగు దారి పట్టేటప్పుడు ఒక ముసలాయన గెడ్డ దాకా మాతో వచ్చాడు. "బాబూ, వానల్లో ఏ గెడ్డయినా ఇలాగే ఉంటాది. ఇటుకల పండగప్పుడు రా, అప్పుడు చూద్దువుగాని" అన్నాడు. "అలాగే తాతా, వస్తాను" అన్నాను. ఏజెన్సీలో ఇటుకల పండగ చైత్రంలో, అంటే ఏప్రిల్‌లో జరుగుతుంది. గెడ్డలో నీళ్ళు అట్టడుగుకి పోయే రోజులు అవే.

ఏప్రిల్ కొలత

జనవరిలో మళ్ళీ వెళ్ళినప్పుడు పలక గాడి తీసుకెళ్ళాం. కొత్తగా ఈ పని చేసేవాళ్ళకి ఇదొక్కటి గట్టిగా చెబుతాను: చిన్న గెడ్డల్లో కొమ్మ వేసి కొలిచే పద్ధతిని నమ్మకండి. రేకు పలకలో 90 డిగ్రీల వి ఆకారపు గాడి కోసి, గెడ్డకి అడ్డంగా బంకమట్టితో, ప్లాస్టిక్ పట్టాతో నీరు కారకుండా బిగించాలి. నీళ్ళన్నీ గాడిలోంచే పోవాలి. పలకకి కాస్త ఎగువన, నీరు నిలకడగా ఉన్నచోట స్కేలు పాతి, గాడి అడుగు నుంచి నీటి మట్టం ఎంత ఎత్తులో ఉందో చూడాలి. ఆ ఎత్తును మీటర్లలో తీసుకుని రెండున్నర ఘాతానికి హెచ్చించి, 1.38తో గుణిస్తే సెకనుకు ఎన్ని ఘనపు మీటర్లో వస్తుంది. ఈ లెక్క అక్కడ ఎవరూ చేయనక్కర్లేదు, ముందే పట్టీ రాసుకుంటే చాలు.

జనవరిలో స్కేలు 24 సెంటీమీటర్లు చూపింది, అంటే 39 లీటర్లు. 2016 ఏప్రిల్ చివర్లో, ఇటుకల పండగ రోజుల్లో, 16 సెంటీమీటర్లు. అంటే 14 లీటర్లు. నమ్మకం కుదరక 200 లీటర్ల డ్రమ్ము తెచ్చి, గాడి కింద రేకు దోనె పెట్టి నీళ్ళు పట్టి చూశాం. 14 సెకన్లలో నిండింది. లెక్క సరిపోయింది.

సెప్టెంబర్‌లో 140. ఏప్రిల్‌లో 14. పదో వంతు.

గాడి కొలతలో ఒక చిక్కుంది. 16 బదులు 17 అని చదివితే 14 లీటర్లు కాస్తా 16 దాటిపోతాయి. ఒక్క సెంటీమీటరు తప్పుకి ఆరింట ఒక వంతు తేడా. అందుకే స్కేలు గాలికి, అలకి కదలని చోట ఉండాలి, చదివే మనిషి ప్రతిసారీ ఒకరే అయితే మంచిది. ఆ పని ఊళ్ళో ఇంటర్ చదివి ఆపేసిన ఒక అమ్మాయి తీసుకుంది. ప్రతి ఆదివారం పొద్దున చదివి రూళ్ళ పుస్తకంలో రాసేది. ఈ కేసులో అన్నిటికంటే విలువైన పరికరం ఏదంటే ఆ పుస్తకమే అంటాను.

ఆ సాయంత్రం ఊరి మధ్య కూర్చుని, 15 కిలోవాట్లు రావని చెప్పాను. వానాకాలంలో, చలికాలంలో 3 కిలోవాట్లు, ఏప్రిల్‌లో దానిలో సగం. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఏడు నెలలు వాళ్ళు మిల్లు గురించి మాట్లాడుకుని ఉన్నారు. ఆ నిశ్శబ్దం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ తర్వాత ఏ ఊళ్ళోనూ ఏప్రిల్ కొలత చేతిలో లేకుండా అంకె నోట రానివ్వలేదు.

వానాకాలపు నీటిని పట్టుకోవడానికి పెద్ద యంత్రం పెట్టొచ్చు కదా అని అడుగుతారు. పెట్టొచ్చు. కానీ పెద్ద టర్బైను పదో వంతు నీటితో సరిగ్గా తిరగదు. పైపు లావు పెరుగుతుంది, ఖర్చు పెరుగుతుంది, ఆ కరెంటుని అమ్ముకోవడానికి లైను లేదు. సీలేరు లాంటి చోట వానాకాలపు నీళ్ళని జలాశయంలో దాచుకుని ఎండాకాలంలో వాడతారు. ఇక్కడ దాచుకునే చోటు లేదు. వచ్చిన నీళ్ళు వచ్చినట్టే పోతాయి.

ఎత్తు, పైపు, గెడ్డ వాటా

ఎత్తు కొలవడానికి తాపీ మేస్త్రీలు వాడే లెవెల్ గొట్టమే వాడాం. ఒక్కో మెట్టూ కొలుచుకుంటూ పైనుంచి కిందికి. మళ్ళీ సరిచూసుకోవడానికి సన్న పైపు ఒకటి పరిచి, నీళ్ళు నింపి, కింద ప్రెషర్ గేజి పెట్టాం. చదరపు సెంటీమీటరుకు 3.2 కిలోలు. పది మీటర్ల నీళ్ళకి ఒక కిలో చొప్పున 32 మీటర్లు. కంటి అంచనా ఇందులో మాత్రం నిజమైంది. చూసేవాళ్ళ కళ్ళు జలపాతం మీదే ఉంటాయి కానీ అది 11 మీటర్లే. మిగతా 21 మీటర్లు దాని కింద బండల మధ్య గెడ్డ దిగిపోయే చోట దొరికాయి. ఇంకో 300 మీటర్లు కిందికి పోతే మరో 12 మీటర్లు వచ్చేవి. కానీ అక్కడ వరద ఒడ్డెక్కుతుంది, ఊరికి తీగ కూడా అంత పొడవు పెరుగుతుంది. వద్దనుకున్నాం.

పైపు 160 మిల్లీమీటర్ల హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్), చదరపు సెంటీమీటరుకు 6 కిలోల పీడనం తట్టుకునే రకం, 118 మీటర్లు. మొత్తం ఖర్చులో సగానికి దగ్గర దీనికే పోయింది. ముక్కలన్నీ ఊరి కుర్రాళ్ళు భుజాల మీద మోసుకొచ్చారు. 20 లీటర్లు పారేటప్పుడు పైపులో రాపిడికి, వంపులకి పోయే ఎత్తు మీటరున్నర. ఇంకా సన్న పైపు వేస్తే డబ్బు మిగులుతుంది కానీ ఆ మిగులు ఏటా కరెంటు రూపంలో పోతూనే ఉంటుంది.

ఊరి గ్రామసభ తీర్మానం చేసేటప్పుడు ఆడవాళ్ళు ఒక షరతు పెట్టారు. జలపాతం కింద మడుగులో వాళ్ళు బట్టలు ఉతుకుతారు, స్నానాలు చేస్తారు, పశువులు నీళ్ళు తాగుతాయి. "నీళ్ళన్నీ గొట్టంలో పెట్టేస్తే మేమెక్కడికి పోవాల?" అన్నారు. న్యాయమైన మాట. నా మొదటి డ్రాయింగులో గెడ్డకి వాటా లేదు. తర్వాత గెడ్డకి అడ్డంగా వేసిన కట్టలో, పైపు నోటికంటే కిందుగా, నీటి మట్టానికి 30 సెంటీమీటర్ల అడుగున 40 మిల్లీమీటర్ల కన్నం ఒకటి వదిలాం. దాంట్లోంచి సెకనుకు రెండు లీటర్లకి కాస్త తక్కువ నీళ్ళు ఎప్పుడూ గెడ్డలోకి పోతాయి. కన్నం కిందుంది కాబట్టి నీళ్ళు తగ్గినప్పుడు ముందు నష్టపోయేది టర్బైను, మడుగు కాదు. వాల్వు పెడితే ఎవరో ఒకరు ఏప్రిల్‌లో మూసేస్తారు. కన్నానికి ఆ భయం లేదు.

దాంతో ఏప్రిల్‌లో టర్బైనుకి వచ్చేది 12 లీటర్లు. తక్కువ నీటితో నడిచేటప్పుడు యంత్రం సామర్థ్యం కూడా తగ్గుతుంది. నికరంగా 1.6 కిలోవాట్లు.

లైట్లా, మరా?

ఇంటికి మూడు 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు, ఫోను చార్జింగు: 37 వాట్లు. 34 ఇళ్ళకి 1,258. ఆరు వీధి లైట్లకి 120. అంగన్‌వాడీకి 100. మొత్తం 1,478 వాట్లు. 1.6 కిలోవాట్లలో ఇమిడిపోతుంది, బొటాబొటిగా.

మగవాళ్ళు లైట్లు చాలన్నారు. ఆడవాళ్ళు ఒప్పుకోలేదు. వాళ్ళకి కావలసింది మర. చోళ్ళు, సామలు తిరగలిలో విసురుకోవడం రోజూ ఉండే చాకిరీ. సంతకి మోసుకెళ్ళి మర పట్టిస్తే ఒక రోజంతా పోతుంది. నేను పగలు లైట్లు ఉండవు కాబట్టి మోటారు మర పెట్టొచ్చని లెక్క వేశాను. కానీ 2 హెచ్‌పీ మోటారు మొదలయ్యే క్షణంలో మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. మాలాంటి చిన్న జనరేటర్ దాన్ని తట్టుకోలేదు. ఏప్రిల్‌లో అసలే కాదు.

రెండు వారాలు ఈ చిక్కు మీదే కూర్చున్నాం. పరిష్కారం చూస్తే ఎంతో పాతది: కరెంటు చేయడమే మానేయడం. టర్బైను ఇరుసు తిరుగుతూనే ఉంది కదా. దాన్ని జనరేటర్‌కి తగిలించి కరెంటు చేసి, ఆ కరెంటుతో మళ్ళీ మోటారు తిప్పడం దేనికి? పగలు జనరేటర్ బెల్టు తీసేసి మర బెల్టు వేస్తే సరి. మధ్యలో రెండు యంత్రాల్లో పోయే నష్టమూ ఉండదు. హిమాలయాల్లో ఘరాట్లనే నీటి మరలు ఇలాగే తరతరాలుగా పిండి విసురుతున్నాయి. ఏప్రిల్‌లోని 12 లీటర్లతో కూడా ఇరుసు మీద రెండు కిలోవాట్లకి పైగా దొరుకుతుంది. చిన్న పిండి మరకి అది చాలు.

బెల్టుకి ఇనుప జాలీ కట్టే దాకా మరని తిప్పనివ్వలేదు. చీర కొంగు, జుట్టు బెల్టులో పడితే జరిగేది తలుచుకోడానికే భయం. ఈ ఒక్క విషయంలో వారం ఆలస్యమైందని ఊరివాళ్ళు విసుక్కున్నారు, నేను లొంగలేదు.

యంత్రం గురించి

క్రాస్‌ఫ్లో టర్బైను (నీళ్ళు చక్రం రెక్కల మధ్య నుంచి అడ్డంగా దూసుకుపోయే రకం), చక్రం 200 మిల్లీమీటర్ల వ్యాసం, నిమిషానికి దాదాపు 1,080 చుట్లు. విశాఖలో ఒక చిన్న వర్క్‌షాపులో చేయించాం. పంపునే తిరగేసి టర్బైనుగా వాడితే ఖర్చు సగమయ్యేది, విడిభాగాలు ఏ ఊళ్ళోనైనా దొరికేవి. ఆ దారి నాకిష్టమే. కానీ పంపు ఒకే ప్రవాహం దగ్గర బాగా తిరుగుతుంది, నీళ్ళు సగమైతే చతికిలపడుతుంది. మళ్ళీ ఏప్రిలే అడ్డొచ్చింది. క్రాస్‌ఫ్లోలో నీటి రెక్కని తిప్పి ప్రవాహం తగ్గించుకోవచ్చు.

జనరేటర్ అంటే మామూలు 5 హెచ్‌పీ త్రీఫేజ్ ఇండక్షన్ మోటారే. కెపాసిటర్లు తగిలించి, తన వేగం కంటే కాస్త ఎక్కువగా, 1,560 చుట్ల దాకా తిప్పితే అది కరెంటు ఇస్తుంది. కెపాసిటర్లని ఒక పద్ధతిలో కలిపితే సింగిల్ ఫేజ్‌లో దాని సామర్థ్యంలో 80 శాతం, అంటే 3 కిలోవాట్లు తీసుకోవచ్చు. బ్రష్షులుండవు, చెడిపోయేది బేరింగులే. ఊరికి 420 మీటర్లు, 25 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం ఏబీ కేబుల్ (తొడుగున్న తీగలని కలిపి పేనింది) వేశాం. నిండు లోడు మీద కూడా పదిహేను వోల్టులకి మించి పోదు.

పెద్ద జల విద్యుత్ కేంద్రాల్లో లోడు తగ్గితే గవర్నర్ అనే పరికరం నీటిని తగ్గిస్తుంది. ఇంత చిన్నదానికి అది ఖరీదైన వ్యవహారం. ఇక్కడ నీళ్ళు ఎప్పుడూ ఒకేలా వదిలి, లోడునే ఒకేలా ఉంచుతాం. ఊళ్ళో లైట్లు ఆరితే ఆ మిగులు కరెంటుని ఎలక్ట్రానిక్ లోడ్ కంట్రోలర్ హీటర్ రాడ్లకి మళ్ళిస్తుంది. లేకపోతే టర్బైను దాదాపు రెట్టింపు వేగానికి పోయి, వోల్టేజి పెరిగి, బల్బులూ కెపాసిటర్లూ పోతాయి.

ఆ రాడ్లు 200 లీటర్ల డ్రమ్ములో ఉంటాయి. చింతపల్లి, లంబసింగి చుట్టుపక్కల చలికాలపు రాత్రులు ఎలా ఉంటాయో తెలిసినవాళ్ళకి మిగతాది చెప్పక్కర్లేదు. మొదటి డిసెంబర్‌లోనే యంత్రం గది పక్కన తడికలతో స్నానాల గది వెలిసింది. బాలింతలు, చంటిపిల్లల తల్లులు పొద్దున్నే వచ్చేవాళ్ళు. మేం దీన్ని ముందుగా అనుకోలేదు, కానీ చూశాక చేసిన మార్పు ఒకటుంది. డ్రమ్ము కుళాయిని రాడ్లకంటే పైకి మార్చాం, పెన్‌స్టాక్ (టర్బైనుకి నీళ్ళు తెచ్చే పైపు) నుంచి సన్న ధార ఎప్పుడూ పడేలా పెట్టాం. నీళ్ళు ఖాళీ అయితే రాడ్లు కాలిపోతాయి, రాడ్లు పోతే యంత్రానికి పట్టు పోతుంది.

ఒకసారి ఎవరో కాయిల్ స్టవ్ పెట్టారు. వెయ్యి వాట్లు. ఇండక్షన్ జనరేటర్‌కి ఒక మంచి గుణం ఉంది: భరించలేనంత లోడు పడితే వోల్టేజి కుప్పకూలి తనంతట తనే ఆగిపోతుంది, కాలిపోదు. కానీ లోపల ఇనుములో మిగిలే కాస్త అయస్కాంత శక్తి కూడా పోతుంది. దాంతో మళ్ళీ తిప్పినా కరెంటు పుట్టదు. ఊరివాళ్ళు రెండు రోజులు చీకట్లో ఉండి మాకు ఫోన్ చేశారు. యంత్రం ఆపి, వైండింగుకి 12 వోల్టుల బ్యాటరీ రెండు మూడు సెకన్లు తాకించమని చెప్పాను. వెలిగింది. ఆ రోజు నుంచి గదిలో ఒక బ్యాటరీ ఉంటుంది.

వాల్వు మూసిన రోజు

2017 మార్చిలో మొదటిసారి లైట్లు వెలిగాయి. పన్నెండో రోజు పైపు పగిలింది.

టర్బైను ముందు మేం బటర్‌ఫ్లై వాల్వు పెట్టాం, పావు చుట్టు పిడి ఉండే రకం. చవక, సులువు. ఆపరేటర్‌గా నేర్చుకుంటున్న కుర్రాడు బెల్టు జారిన చప్పుడు విని, కంగారులో పిడిని ఒక్క దెబ్బకి మూసేశాడు. గది వెనక కింది వంపు దగ్గర అతుకు విడిపోయి నీళ్ళు ఎగజిమ్మాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అది అదృష్టమే.

తప్పు ఆ అబ్బాయిది కాదు. కంగారు పడ్డ మనిషి ఏం చేస్తాడో అదే చేశాడు. 118 మీటర్ల పైపులో రెండు టన్నులకి దగ్గరగా నీళ్ళున్నాయి, సెకనుకు 1.2 మీటర్ల వేగంతో కదులుతున్నాయి. వాటిని ఒక్కసారి ఆపితే ఆ ఊపు ఎక్కడికో పోవాలి. పీడన తరంగమై పైపులో వెనక్కి పరిగెడుతుంది. హెచ్‌డీపీఈ పైపులో ఆ తరంగం వేగం సెకనుకు సుమారు 300 మీటర్లు. లెక్క వేస్తే 36 మీటర్ల అదనపు పీడనం. ఉన్న 32కి ఇది కలిస్తే 68 మీటర్లు, అంటే 6.8 కిలోలు. పైపు 6 కిలోలది. తరంగం పైదాకా పోయి తిరిగి రావడానికి 0.8 సెకన్లు పడుతుంది. అంతకంటే తొందరగా వాల్వు మూస్తే దెబ్బ పూర్తిగా తగులుతుంది. ఇనుప పైపైతే తరంగం మూడు నాలుగు రెట్లు వేగం, దెబ్బ కూడా అంతే. ఈ లెక్క నాకు తెలుసు. డ్రాయింగు వేసేటప్పుడు "మెల్లగా మూయాలి" అని కాగితం మీద రాశాను. వాల్వు మీద రాయలేదు. రాసినా లాభం ఉండేది కాదు.

పిడి వాల్వు తీసేసి చక్రం తిప్పే గేట్ వాల్వు పెట్టాం. ఎంత కంగారుగా తిప్పినా పూర్తిగా మూయడానికి అర నిమిషం పైగా పడుతుంది. వంపు దగ్గర కాంక్రీటు దిమ్మ పెద్దది చేశాం. ఆ కుర్రాడు మానేస్తానన్నాడు. కూర్చోబెట్టి లెక్క మొత్తం చూపించాను, డిజైన్ తప్పు నాదని చెప్పాను. ఆగాడు.

ఆకులు, రాళ్ళు, పిడుగులు

మొదటి వానాకాలంలో రోజూ అర్ధరాత్రి లైట్లు మసకబారేవి. వెదురు ఆకులు పైపు నోటి జాలీకి అట్టలా పట్టేసేవి. జాలీ నిలువుగా ఉండటం వల్ల వచ్చిన బాధ అది. దాన్ని వాలుగా పడుకోబెట్టి, మిగులు నీళ్ళు పైనుంచి జారిపోయేలా చేశాక ఆకులు వాటంతటవే కొట్టుకుపోయాయి. ఇసుక దిగే తొట్టి అడుగున ప్లగ్గు పెట్టాం, వారానికోసారి తీస్తే అడుగు బురద పోతుంది.

ఆగస్టులో ఒక రాత్రి వరదకి బండరాళ్ళు దొర్లి కట్ట రెక్క ఒకటి ఊడిపోయింది. రెండు వారాలు కరెంటు లేదు. మళ్ళీ సిమెంటుతో కట్టకుండా ఇనుప వల పెట్టెల్లో రాళ్ళు నింపి పేర్చాం. వరదకి కాస్త కదిలినా విరగవు. పిడుగులకి కంట్రోలర్ బోర్డు రెండుసార్లు పోయింది. ఎర్తింగ్ బాగుచేసి, పిడుగు దెబ్బని భూమిలోకి మళ్ళించే అరెస్టర్లు పెట్టి, అదనపు బోర్డు ఒకటి డబ్బాలో ఉంచాం.

ఇంటికి నెలకి 40 రూపాయలు. మర కూలి వేరే, డబ్బో గింజలో. ఆపరేటర్లిద్దరికీ జీతం, బేరింగులు, బెల్టులు దాంట్లోంచే.

లైను వచ్చాక

2018లో ఊరికి కరెంటు లైను వచ్చింది. ఇలాంటి పథకాలు చాలావరకు అక్కడితో ఆగిపోతాయి. గెడ్డ యంత్రం తుప్పు పట్టడం మొదలుపెడుతుంది. నేనూ అదే అనుకుని బాధపడుతూ వెళ్ళాను, లైను వచ్చినందుకు సంతోషిస్తూ కూడా.

ఊరివాళ్ళు అప్పటికే కూర్చుని మాట్లాడుకున్నారు. వానల్లో చెట్లు పడి లైను రోజుల తరబడి ఉండదని వాళ్ళకి తెలుసు. ఇంటికి ఒక బల్బు, వీధి లైట్లు, మర గెడ్డ మీదే ఉంచుదామన్నారు. నేను ఒక్క షరతు పెట్టాను: రెండు వైరింగులు ఎక్కడా కలవకూడదు. స్విచ్చు పెట్టి ఇటూ అటూ మార్చే పని కూడా వద్దన్నాను. గెడ్డ కరెంటు పొరపాటున లైనులోకి వెనక్కి పోతే, లైను ఆపేశామనుకుని స్తంభం ఎక్కిన మనిషి ప్రాణం పోతుంది. గెడ్డ తీగలకి పచ్చ రంగు వేశాం.

పుస్తకంలో 14

2019 ఏప్రిల్‌లో ఆ అమ్మాయి ఫోన్ చేసింది. "సార్, 14 వచ్చింది. మూడు సార్లు చూశాను" అంది. 16 ఉండాల్సిన చోట 14. పట్టీ చూస్తే 10 లీటర్లు. గెడ్డ వాటా పోతే టర్బైనుకి 8. వానలు తక్కువా అంటే, ముందటి రెండేళ్ళ పుస్తకం చూస్తే అదే వారంలో 16, 16.

గెడ్డ వెంబడి పైకి నడిచి వెళ్ళారు. ఎగువ ఊరికి కొత్తగా రెండంగుళాల పైపుతో తాగునీరు దించుకున్నారు. మా ఊరి కుర్రాళ్ళకి కోపం వచ్చింది, పైపు కోసేద్దామన్నారు. నన్ను రమ్మన్నారు. తాగునీటి ముందు కరెంటు ఆగాల్సిందేనని నేను చెప్పబోయేలోపే పెద్దవాళ్ళే ఆ మాట అన్నారు. రెండు ఊళ్ళవాళ్ళూ ఎగువ ఊరి ట్యాంకు దగ్గర కలిశారు. అక్కడికి వెళ్ళాక తెలిసింది: ట్యాంకు నిండి రాత్రీ పగలూ పొర్లుతోంది. ఆ పొర్లిన నీళ్ళు గెడ్డ వైపు రాకుండా అవతలి పల్లంలోకి పోతున్నాయి.

నర్సీపట్నంలో ఒక ఫ్లోట్ వాల్వు కొని తెచ్చాం. ట్యాంకు నిండగానే నీళ్ళు ఆగుతాయి, పైపులోకి పోకుండా గెడ్డలోనే ఉండిపోతాయి. బిగించడానికి గంట పట్టింది. ఎగువ ఊరివాళ్ళు మాకు జీలుగు కల్లు, ఉడకబెట్టిన చిలగడదుంపలు పెట్టారు. వాళ్ళ ట్యాంకు దగ్గర నుంచి తిరిగి దిగేటప్పుడు ఒక పెద్దావిడ ఆ అమ్మాయి పుస్తకం అడిగి తీసుకుని, చదవడం రాకపోయినా, పేజీలన్నీ తిప్పి చూసింది.

2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వల్ల మేం వెళ్ళలేకపోయాం. ఇటుకల పండగ వారంలో, సిగ్నల్ కోసం కొండెక్కి, ఆ అమ్మాయి ఫోనులో పుస్తకం పేజీ ఫోటో పంపింది. ఆదివారం, ఉదయం 6:30. మట్టం 15 సెంటీమీటర్లు. పక్కనే పట్టీ చూసి తనే రాసింది: 12 లీటర్లు. గెడ్డకి 2, మనకి 10. మర నడుస్తోంది.